పద్దెనిమిది రూపాయల మాట

మా ఆయనకు నోట్లో నాలుక లేదని పెళ్లిచూపుల రోజే మా అత్తగారు చెప్పింది. అదేదో కోడలికి వరమన్నట్టు గొప్పగా చెప్పింది. అన్నంలో ఉప్పు వెయ్యడం మర్చిపోయినా అడిగేవాడు కాదు. పక్కింటామె మా గోడ నిండా పిడకలు కొట్టుకున్నా ఊరుకునేవాడు. కాపురానికి వచ్చిన కొత్తలో నాకు ఒళ్లు మండేది. "ఏందయ్యా నువ్వు, దేవుడు నోరిచ్చింది అన్నం తినడానికేనా?" అని అరిస్తే తల వంచుకుని మగ్గం గుంటలోకి దిగిపోయేవాడు. అడ్డపోగు మోసుకుంటూ నాడె అటూ ఇటూ ఆడుతున్న చప్పుడే నాకు జవాబు.

ఒక్కచోట మాత్రం ఆ మనిషి వేరు. బట్ట ఖరీదు చెప్పేటప్పుడు. "ఈ చీరెంతయ్యా?" అని ఎవరైనా అడిగారా, వెన్ను నిటారుగా అయ్యేది, గొంతు పెరిగేది. "పద్దెనిమిది రూపాయలు. మీరు గనక పద్దెనిమిది. పైఊరి వాళ్లయితే ఇరవైకి తక్కువ చెప్పను. పైసా తగ్గదు" అనేవాడు. తగ్గేది, అది వేరే సంగతి. పద్నాలుగుకో పదిహేనుకో బేరం కుదిరేది. కానీ ఆ మొదటి మాట చెప్పేటప్పుడు ఆయన్ని చూడాలి. అంత మాటకారి చీరాలలో లేడనిపించేది. నేను కండెలకు నూలు చుట్టడం ఆపి మరీ వినేదాన్ని.

మా వీధిలో నేతగాళ్లందరికీ ఉన్న అలవాటే అది. నూలుకు ఎంత పడింది, రంగుకు ఎంత పడింది, ఎన్ని రోజులు కూర్చున్నాం, ఇవి ఎదుటివాడికి చెప్పే మాటలు కావు. చెప్తే వాడు దాని మీద రూపాయో అర్ధో వేసి బట్ట పట్టుకుపోతాడు. అందుకని "ఎంత?" అని ఎవరు ఎట్లా అడిగినా నేతగాడి నోట వచ్చేది అమ్మే ధరే. నిద్రలో లేపి అడిగినా అదే. మాది సొంత నేత. నూలు మేమే కొనుక్కుని, నేసి, మేమే అమ్ముకునేవాళ్లం. కాబట్టి ఆ అలవాటు మాకు అన్నం పెట్టిన అలవాటు. అదే మా కొంప ముంచుతుందని ఎవరనుకున్నారు!

అరవైల మొదట్లో ఎన్నికలొచ్చాయి. అప్పటికి నూలు ధర మా మెడ మీద కూర్చునుంది. ఈ వారం కొన్న ధరకు వచ్చే వారం దొరకదు. హైస్కూల్లో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైన మేష్టారు ఒకాయన మా తరఫున నిలబడ్డాడు. ఏ పార్టీ లేదు. ఆయన గుర్తు నిచ్చెన. గెలిస్తే సర్కారు ధరకు నూలిచ్చే డిపో మా వీధిలోనే పెట్టిస్తానన్నాడు. ఆయనకున్నదల్లా ఒక పాత సైకిలు, రేకుతో చేయించుకున్న ఒక గొట్టం. సైకిలు దిగి, గొట్టం నోటికి పెట్టుకుని, పాఠం చెప్పినట్టు చెప్పేవాడు. మాకు అర్థం కాలేదనిపిస్తే మళ్లీ మొదటినుంచి చెప్పేవాడు.

ఆయన మీద నిలబడ్డ పెద్దమనిషిని మా వీధిలో 'లారీల ఆయన' అనేవాళ్లు. ఆయన బావమరిదికి చిలకలూరిపేట దగ్గర పత్తి మిల్లుంది. ఆ మిల్లు లారీలు మైకులు కట్టుకుని పొద్దస్తమానం మా వీధి మీదుగా తిరిగేవి. చెక్కలకు అంటుకున్న దూది ఇంకా రాలుతూనే ఉండేది. రంగు కాగితాలు గుప్పిళ్లతో విసిరేవాళ్లు. సత్రంలో రోజూ భోజనాలు. ఊళ్లో మా బట్టలు కొనే షావుకారే ఆయనకు ఇక్కడ ఏజెంటు. ఎవరు పెడుతున్నార్రా ఇదంతా అంటే, "అభిమానులు" అనేవాళ్లు. ఇంత అభిమానం ఆ మనిషి మీద ఎందుకు పుట్టిందో నాకు ఈ రోజుకీ తెలియదు.

ఒకరోజు పొద్దున్నే వీధిలో పడుగు పరిచి గంజి పెడుతున్నాం. నేత తెలియని వాళ్లకు చెప్తున్నాను, పడుగంటే నిలువు పోగులు. వీధి పొడుగునా కర్రల మీద సాగదీసి, గంజి రాసి, ఆరబెట్టి, అప్పుడు మగ్గానికి ఎక్కించాలి. ఆ కాసేపు మా వీధిలోకి ఎద్దుబండి కూడా రాదు, వచ్చినా ఆగుతుంది. లారీ ఆగలేదు. హారన్ కొట్టాడు, నేను చేతులడ్డం పెట్టి "ఆగరా, ఆగు" అని అరిచాను, వాడి మైకులో పాట నా అరుపును మింగేసింది. కర్రలు విరిగాయి. ఆరు చీరలకు వెయ్యాల్సిన పడుగు ముక్కలు ముక్కలైంది. పోతూ పోతూ పైనించి ఒకడు మా మీద కాగితాలు చల్లాడు. గంజి తడికి అవి పోగులకు అంటుకున్నాయి.

ఆ సాయంత్రం మేష్టారు వీధిలో మీటింగు పెట్టారు. జరిగింది చెప్పమని అందరూ మా ఆయన్ని ముందుకు తోశారు. లేచాడు. కండువా సవరించుకున్నాడు. "మా పడుగు..." అన్నాడు. మళ్లీ "మా పడుగు..." అన్నాడు. పెదాలు ఆడుతున్నాయిగానీ మాట రాలేదు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన కూర్చున్నాడు. మేష్టారు "ఫర్వాలేదయ్యా, అర్థమైంది" అన్నారు. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చాక నేను ఊరుకోవచ్చుగా, ఊరుకోలేదు.

"నాలుగు ముక్కలు చెప్పలేకపోయావా? చీర ధర చెప్పేటప్పుడు మాత్రం ఊరంతా వినపడుద్దే!"

ఆయన తెగిన పడుగు కట్టను దగ్గరికి లాక్కుని చూశాడు. తర్వాత, "నేసి చెప్తాలేవే" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. కానీ ఆయన అన్నంత పనీ చేశాడు. తెగిన పడుగులోంచి పనికొచ్చే ముక్క ఒకటి ఏరి, అతికి, మగ్గానికి ఎక్కించాడు. నేను పోపుల డబ్బాలో దాచుకున్న డబ్బులు తీసిచ్చాను. నూలూ, ఎర్ర రంగూ, నల్ల రంగూ కొన్నాం. ఆరు రోజులు కూర్చున్నాడు. నిచ్చెన సులువేనట, రెండు నిలువు గీతలు, మధ్యలో మెట్లు. అక్షరాలతోనే చచ్చే చావు. మన తెలుగు అక్షరాలన్నీ గుండ్రాలేగా! ఒక్కో గుండ్రానికి పోగు పోగూ చేత్తో ఎత్తి, రంగు నూలు దూర్చి, మళ్లీ దించాలి. 'ష్ట' దగ్గర ఒక పూటంతా పట్టింది. నేను గుంట గట్టు మీద కూర్చుని అక్షరాలు చూపించేదాన్ని, అయిదో తరగతి చదివినదాన్ని కదా. ఆ ఆరు రోజులూ మేం పోట్లాడుకోలేదు. నా కాపురంలో అంత సంతోషంగా ఉన్న రోజులు చాలా తక్కువ.

అయ్యాక మా చూరు నుంచి ఎదురింటి చూరుకు కట్టాడు. తెల్లటి బట్ట మీద నల్ల నిచ్చెన, పక్కన ఎర్రటి అక్షరాలు: "నూలు మా బతుకు. మేష్టారికే మా ఓటు." పక్క వీధులవాళ్లు వచ్చి చూశారు. కింద నిలబడి తల పైకెత్తి, పనితనం గురించి వాదించుకున్నారు. అచ్చువేసిందనుకుని ఒకాయన నిచ్చెనెక్కి తడిమి చూశాడు. మేష్టారు సైకిలు దిగి, కళ్లజోడు తుడుచుకుని, "నా గురించి ఇంత కష్టపడ్డవాడు లేడయ్యా" అన్నారు. మా ఆయన నవ్వుతూ నిలబడ్డాడు. మీటింగులో రాని మాట వీధి మధ్యలో వేలాడుతోంది. గాలికి ఊగినప్పుడల్లా అది ఆయన గొంతే అనిపించేది నాకు.

మూడోరోజు పొద్దున తాలూకా ఆఫీసు నుంచి ఒక ఆఫీసరు, వెంట ఒక గుమాస్తా వచ్చారు. మర్యాదగల మనిషే, అబద్ధమెందుకు చెప్పాలి. చెప్పులు బయట విడిచి అరుగు మీద కూర్చున్నాడు. మంచినీళ్లిచ్చాను.

"ఆ బట్ట నేసింది మీరేనాండి?" అని అడిగాడు.

"నేనే బాబూ" అన్నాడు మా ఆయన. ఆ రెండు ముక్కలూ చెప్పడానికే కండువా రెండుసార్లు సవరించుకున్నాడు.

"చాలా బాగుంది. మేష్టారు నెయ్యమన్నారా?"

"లేదు బాబూ. నాకు నేనే నేశాను."

"దీనికి ఎంత ఖర్చయింది?"

అంతే. నా కళ్లముందే ఆయన వెన్ను నిటారుగా అయింది. "పద్దెనిమిది రూపాయలు. మీరు గనక పద్దెనిమిది. పైఊరి వాళ్లయితే ఇరవైకి తక్కువ చెప్పను."

ఆఫీసరు తలెత్తి చూశాడు. "కొనడానికి కాదండీ. ఖర్చు ఎంతైందని అడుగుతున్నా. పద్దెనిమిదేనా?"

"పైసా తగ్గదు బాబూ" అన్నాడు మా ఆయన, ఇంకా గట్టిగా.

నేను గుమ్మం వెనకనుంచి గాజులు చప్పుడు చేశాను, దగ్గాను, చివరికి చెంబు కింద పడేశాను. ఆయన నా వైపు చూస్తేగా! గుమాస్తా రాసుకున్నాడు. ఆయన చేత సంతకం పెట్టించుకుని, బట్ట విప్పించి మడత పెట్టించుకుని వెళ్లారు. షావుకారు ఫిర్యాదు రాసిచ్చాడట. అది వాళ్లు వెళ్లాక తెలిసింది.

మా చీరలు కట్టుకునే ఒకావిడ భర్త ప్లీడరు. అప్పటికప్పుడు ఆయన దగ్గరకు పరిగెత్తాం. ఆయన విని, నుదురు కొట్టుకున్నాడు.

"అభ్యర్థి రాసివ్వకుండా బయటివాళ్లు ఆయన గెలుపు కోసం సొంత డబ్బు ఖర్చు పెట్టకూడదమ్మా. అది నేరం. అయిదొందల దాకా జరిమానా వెయ్యొచ్చు."

"అయిదొందలా!" మగ్గం అమ్మినా, నా మెళ్లో పుస్తెలు అమ్మినా అంత రాదు.

"ఒక దారుంది. పదిరూపాయలకు మించని ఖర్చయితే, పెట్టిన పదిరోజుల్లోపు అభ్యర్థి చేత ఒప్పుకుంటున్నట్టు కాగితం రాయించుకుంటే సరిపోతుంది. తప్పు మాఫీ. ఇంతకీ ఎంతైంది?"

నేను వేళ్ల మీద చెప్పాను. నూలు, రంగు, చూరుకు కట్టిన తాళ్లు, అన్నీ కలిపి ఏడున్నర.

"మరి పద్దెనిమిదని ఎందుకు చెప్పావయ్యా మహానుభావా?"

మా ఆయన ఏం చెప్తాడు? ఖరీదు అడిగితే చెప్పాడు. పుట్టినప్పటినుంచీ అంతేగా.

నూలు కొన్నప్పటినుంచి అప్పటికి తొమ్మిది రోజులు. అంటే మాకు మిగిలింది మర్నాడు ఒక్కరోజు. నా భయం కోపమైంది. "అయ్యా, ఏడున్నర ఖర్చు పెట్టిన మేం నేరస్థులం. మరి ఆ లారీలు? ఆ సత్రం భోజనాలు? వాటికి ఎవరు రాసిచ్చారు?" అని ప్లీడరు గారి మీద పడ్డాను, ఆయన తప్పేదో ఉన్నట్టు.

ఆయన కోప్పడలేదు. "ఆ చట్టం అలాంటివాళ్ల కోసమే పెట్టారమ్మా. డబ్బున్నవాళ్లు చుట్టాల చేత, స్నేహితుల చేత ఖర్చు పెట్టించి ఎన్నిక కొనుక్కోకుండా. కానీ లారీ మీద ఎవడూ సంతకం పెట్టడు. మీ ఆయన నేనే చేశానని చెప్పి సంతకం పెట్టాడు." నవ్వాడు. "ఇంకో చిత్రం చెప్పనా? మీరు ఆ రెండో ఆయన్ని తిడుతూ నేసుంటే ఈ సెక్షను మీ జోలికి వచ్చేదే కాదు. ఫలానా ఆయన్ని గెలిపించమన్నారు చూశారా, అక్కడొచ్చింది."

నాకు నవ్వు రాలేదు. తిట్టడం నాకు బాగా వచ్చు. ముందే తెలిస్తే నేనే మాటలు అందించేదాన్ని.

ఆయన చెప్పిన ఉపాయం ఇదీ. మర్నాడు ఆఫీసుకెళ్లి మళ్లీ వాంగ్మూలం ఇవ్వాలి. ముందు చెప్పింది బజారు ధర, నిజంగా పెట్టిన ఖర్చు ఏడున్నర, చేతిపని తన సొంతం కాబట్టి దానికి ఖరీదేమీ లేదు అని. ఆ ఆఖరి మాట లేకపోతే కుదరదట. ఆరు రోజుల పనికి ఎవరైనా కూలి కడితే లెక్క పది దాటుతుంది.

ఇంటికొచ్చాం. అన్నం పెట్టాను. ఆయన తినలేదు.

"నేను చెప్పనే ఆ మాట" అన్నాడు.

"ఏ మాట?"

"చేతిపనికి ఖరీదు లేదని."

"ఉత్తుత్తి మాటేగా! నిజంగా లేదని ఎవరన్నారు?"

"సర్కారు కాగితం మీద రాస్తే ఉత్తుత్తి ఎట్టా అవుద్ది? ఆరు రోజులు కూర్చున్నానే. నువ్వు చూశావుగా. నూలుదేముంది, ఎవడైనా కొంటాడు." ఇంత పొడుగు మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. చేతులు చాపి నా ముందు పెట్టాడు. వేళ్ల చివర ఎర్ర రంగు ఇంకా పోలేదు. "ఇయ్యి ఉత్తివా?"

అప్పుడే నేను ఆగాల్సింది. ఆగలేదు. "అయిదొందలు ఎక్కడినుంచి తెస్తావు? మగ్గం పోతే ఆ చేతులతో ఏం చేస్తావు? నోరు రాని మనిషికి పౌరుషమొకటా! నోరు మూసుకుని సంతకం పెట్టు" అన్నాను. అన్నాను. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ మాట రాసి, కొట్టేసి, మళ్లీ రాశాను.

మర్నాడు మేష్టారు తన సైకిలు మీద, మేమిద్దరం ప్లీడరు గారి వెంట నడిచి, ఊళ్లో ఆ ఆఫీసరు మకాం పెట్టిన కచేరీకి వెళ్లాం. షావుకారు అప్పటికే బెంచీ మీద కూర్చునున్నాడు, ఫిర్యాదుదారు కదా. మేష్టారు చక్కటి చేతిరాతతో, ఫలానా ఖర్చును నేను ఆమోదిస్తున్నాను అని రాసి సంతకం చేశారు. చేస్తూ, "నావల్ల మీకెంత కష్టమయ్యా" అని గొణిగారు. గుమాస్తా మా ఆయన వాంగ్మూలం రాసుకున్నాడు. ప్లీడరు గారు చెప్తూ పోతే ఆయన తల ఊపాడు. రాసిందంతా పైకి చదవడం ఆ ఆఫీసులో పద్ధతి. గుమాస్తా గొంతు పెద్దది. "నా చేతిపనికి ఖరీదు ఏమియు లేదని ఇందుమూలముగా తెలియజేయుచున్నాను." వరండాలో పనుల మీద వచ్చి కూర్చున్నవాళ్లంతా విన్నారు. షావుకారు ముక్కుపొడి పీలుస్తూ ఇంకోసారి చదవమన్నాడు, సరిగా వినపడలేదట.

మా ఆయన సంతకం పెట్టాడు.

"ఇంక మీకేం భయం లేదండీ. బట్ట తీసుకెళ్లి మళ్లీ కట్టుకోవచ్చు" అన్నాడు ఆఫీసరు. నిజంగానే మా మేలు కోరి అన్నాడు.

నేను ఊరుకోలేకపోయాను. "మరి లారీల సంగతేంది బాబూ?" అన్నాను.

"అభిమానులెవరో పెడుతున్నారు, మాకు తెలియదని వాళ్లంటారమ్మా. ఫలానా లారీ అని ఎవరైనా రాసిస్తే విచారిస్తాం."

"నేనిస్తాను, రాసుకోండి. మా పడుగు తెగ్గొట్టింది ఆ లారీయే."

ఆయన కలం తీశాడు. "లారీ నంబరు?"

నంబరు!  లారీ వెళ్లిపోతుంటే నంబరు చూసుకోవాలని నాకేం తెలుసు? అప్పుడు నేను రోడ్డు మీద మోకాళ్ల మీద కూర్చుని పోగులు ఏరుకుంటున్నాను. అదే చెప్పాను. ఆఫీసరు కలం మూసి జేబులో పెట్టుకున్నాడు. ఆయన మొహం నిజంగానే చిన్నబోయింది. దాంతో నాకేం ఒరిగింది? మేం మెట్లు దిగేసరికి ఎదురుగా లారీ పోతోంది, మైకు మోగుతోంది. ఈసారి నంబరు చూశాను. అది వేరే లారీ.

బట్టను మా ఆయన కట్టలేదు. "కట్టవయ్యా, ఇప్పుడు చట్టమే కట్టుకోమంది" అని బతిమాలాను. మడత విప్పకుండా ట్రంకు పెట్టె అడుగున పెట్టాడు. వీధివాళ్లు అడిగితే నేనే ఏదో ఒకటి చెప్పి పంపేదాన్ని. ఎన్నికలయ్యాయి. మేష్టారు ఓడిపోయారు. ఓడిన మర్నాడు సైకిలు మీద వీధంతా తిరిగి అందరికీ దండాలు పెట్టి వెళ్లారు. మా గుమ్మం ముందు ఆగి చూరు వైపు చూశారు. 

ఓటమి నన్నంత బాధించలేదు, ముందే ఊహించిందే. తర్వాత జరిగిందే నన్ను ఇంతకాలం తింటోంది.

నాలుగు చీరలు తయారయ్యాక షావుకారు కొట్టుకు తీసుకెళ్లాం. వేరే కొట్టుకు పోవాల్సింది, కానీ ఆ రోజుల్లో మాలాంటివాళ్ల దగ్గర రొక్కమిచ్చి కొనేది ఆయనొక్కడే. కొట్లో వేసిన పరుపు మీద ఇంకో ముగ్గురు నలుగురు వర్తకులున్నారు. షావుకారు చీర విప్పి, అంచు వెలుగులో పెట్టి చూసి, "ఎంత?" అన్నాడు.

"పద్దెనిమిది" అన్నాడు మా ఆయన. వెన్ను నిటారుగానే ఉంది.

"నూలెంత పడింది?"

ఆ ప్రశ్న ఎవరూ అడగరు. నేతగాణ్ణి అలా అడక్కూడదని వర్తకులందరికీ తెలుసు.

"అది చెప్పేది కాదుగదండీ" అన్నాడు మా ఆయన.

"చెప్పకపోతే నేను కట్టుకోలేనా? ఏడో, ఏడున్నరో. అదిస్తాను. నీ చేతిపనికి ఖరీదు లేదుగా మరి! సర్కారుకే రాసిచ్చావు. నేనూ విన్నాను, రెండుసార్లు విన్నాను." పరుపు మీద వాళ్లు పగలబడి నవ్వారు. షావుకారు కూడా నవ్వి, మా ఆయన భుజం తట్టి, "ఊరికే అన్నాలేవోయ్" అని, ఎప్పుడూ ఇచ్చే పద్నాలుగే ఇచ్చాడు. మాకు పైసా నష్టం లేదు. ఎవరికైనా చెప్తే, మరి నీ ఏడుపేంది, డబ్బులిచ్చాడుగా అంటారు.

నేను ఆ కొట్టులో అన్న మాటలు ఇక్కడ రాయను. మా ఆయనే నా రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు. 

నెల రోజుల తర్వాతేమో, ఒంగోలు నుంచి ఒకావిడ ఇంటికే వచ్చింది, కూతురికి చీర కావాలని. మా ఆయన గుంటలో కూర్చుని నేస్తున్నాడు. తీగ మీద ఆరేసిన చీరను ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసి, "ఎంతయ్యా ఇది?" అంది.

నాడె ఆగింది. నేను కండె చుట్టడం ఆపి ఎదురుచూశాను, అలవాటుగా. ఆయన వెన్ను ఎత్తాడు, నోరు తెరిచాడు. మీటింగులో లేచి నిలబడ్డప్పటిలాగే పెదాలు ఆడాయి. తర్వాత నా వైపు చూసి, "దాన్నడగండమ్మా" అని మళ్లీ మగ్గం మీదికి వంగాడు.

"పద్దెనిమిది రూపాయలమ్మా, పైసా తగ్గదు" అన్నాను నేను, గట్టిగానే అన్నాను. ఆవిడ నవ్వి, పదమూడంది.

ఆ తర్వాత ఆయన ఇరవయ్యేళ్లు నేశాడు. ఒక్క చీరకు కూడా ధర చెప్పలేదు. అన్నీ నేనే చెప్పాను. ఆయన చెప్పినట్టు చెప్పడం మాత్రం నాకు రాలేదు.